మన తలుపు మనమే తట్టి చూద్దాం

హాస్టల్లో చదివినవాళ్లకు తాళం విలువ ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న ట్రంకుపెట్టె, దానికో చిన్న తాళం, మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి, ఇవే మన మొదటి ఆస్తి. రాత్రి గేటుకు తాళం వేశాక వాచ్‌మెన్ దాన్ని ఒకసారి గుంజి చూస్తాడు. తాను వేసిన తాళమే అయినా గుంజి చూస్తాడు. ఆ గుంజి చూడటం గురించే ఈ వార్షికోత్సవ సంచికలో నాలుగు మాటలు రాయాలనుకున్నాం. అయితే మేం చెప్పబోయేది ఇనుప గేటు గురించి కాదు, కంప్యూటర్ల తలుపుల గురించి.

కంప్యూటర్ నెట్‌వర్క్‌లో ఏ తలుపులు తెరిచి ఉన్నాయో నల్ల తెర మీద ఒక్క వరుస కమాండు కొట్టి తెలుసుకోవచ్చు. దీన్ని పోర్ట్ స్కానింగ్ అంటారు. ఈ మాట వినగానే చాలామంది పెద్దలు "అది హ్యాకర్ల పని, పిల్లలకెందుకు?" అంటారు. మా అభిప్రాయం వేరు. ఈ పని సంక్షేమ హాస్టల్ విద్యార్థులకు తప్పకుండా నేర్పాలి. మన ల్యాబులోనే, మన కంప్యూటర్ల మీదనే, రాతపూర్వకమైన అనుమతితో నేర్పాలి. అనుమతి లేకుండా ఇంకొకరి తలుపు తట్టకూడదని కూడా అదే రోజు, అదే పాఠంలో నేర్పాలి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి వదిలేసినా నష్టపోయేది మనమే.

తలుపు అంటే ఏమిటి?

నెట్‌వర్క్‌లో ప్రతి కంప్యూటర్‌కు ఒక చిరునామా ఉంటుంది. దాన్ని ఐపీ అడ్రస్ అంటాం. అది మన హాస్టల్ భవనం చిరునామా లాంటిదనుకోండి. ఆ ఒక్క భవనానికి 65,535 తలుపులుంటాయి. ఒక్కో తలుపుకు ఒక నంబరు. ఆ తలుపునే పోర్ట్ అంటారు. కొన్ని తలుపులు ఎవరివో ముందే నిర్ణయమై ఉన్నాయి. 80, 443 నంబర్లు వెబ్‌సైట్లవి. 22వ నంబరు దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే ఎస్‌ఎస్‌హెచ్ అనే సేవది. 23 టెల్‌నెట్‌ది. 445 విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే తలుపు. 3306 మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ది.

స్కానింగ్ అంటే ఈ తలుపులను ఒక్కొక్కటిగా తట్టి చూడటం. మన కంప్యూటర్ 'సిన్' అనే చిన్న సందేశం పంపుతుంది. "లోపల ఎవరైనా ఉన్నారా? మాట్లాడొచ్చా?" అని దాని అర్థం. లోపల ఏదైనా సేవ నడుస్తుంటే 'సిన్-యాక్' అనే జవాబు వస్తుంది, అంటే "ఉన్నాం, చెప్పండి" అని. ఎవరూ లేకపోతే 'ఆర్‌ఎస్‌టీ' వస్తుంది, అంటే "ఇక్కడెవరూ లేరు, పోండి" అని. ఏ జవాబూ రాకపోతే మధ్యలో ఫైర్‌వాల్ అనే కాపలాదారు మన మాటను లోపలికి పోనివ్వలేదని అర్థం. అందుకే స్కాన్ ఫలితంలో ముఖ్యంగా మూడు మాటలు కనిపిస్తాయి. ఓపెన్, క్లోజ్డ్, ఫిల్టర్డ్. ఈ మూడు మాటలు అర్థమైనవాడికి సగం పాఠం వచ్చినట్టే.

ఈ పనికి పేరున్న సాధనం ఎన్‌మ్యాప్. గోర్డాన్ లయన్ అనే అమెరికన్ 'ఫ్యోడర్' అనే కలం పేరుతో దాన్ని 1997 సెప్టెంబరు 1న 'ఫ్రాక్' అనే పత్రిక 51వ సంచికలో బయటపెట్టాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా అది ఉచితమే. 2003లో వచ్చిన 'మేట్రిక్స్ రీలోడెడ్' సినిమాలో ట్రినిటీ అనే పాత్ర ఒక విద్యుత్ కేంద్రం కంప్యూటర్‌లోకి చొరబడే ముందు తెర మీద కొట్టేది ఈ ఎన్‌మ్యాప్ కమాండే. తెరిచి ఉన్నట్టు ఆమెకు దొరికేది 22వ నంబరు తలుపు. సినిమాలో చొరబాటుకు వాడిన ఆ కమాండునే నిజ జీవితంలో నెట్‌వర్క్ కాపలా ఉద్యోగులు రోజూ తమ సొంత తలుపులు సరిచూసుకోవడానికి వాడుతున్నారు.

నేర్చుకోవడానికి పెద్ద కంప్యూటర్ అక్కర్లేదు. పాత విండోస్ కంప్యూటర్‌లో కూడా నల్ల తెర తెరిచి, నెట్‌స్టాట్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి, చిన్న ఏ, చిన్న ఎన్ అక్షరాలు కొడితే ఆ కంప్యూటర్‌లో తెరిచి ఉన్న తలుపుల పట్టిక వస్తుంది. 'లిజనింగ్' అని ఉన్న ప్రతి వరుసా ఎవరి రాక కోసమో ఎదురు చూస్తున్న ఒక తలుపు. లైనక్స్‌లో దీనికి ఎస్‌ఎస్ అనే కమాండు ఉంది. ఎన్‌మ్యాప్ ఉంటే దాని పేరు పక్కన 127.0.0.1 అని రాస్తే చాలు. ఆ చిరునామా ఎప్పుడూ మనం కూర్చున్న కంప్యూటర్‌దే. మొదటి పాఠం అక్కడే మొదలుకావాలి. ఎన్‌మ్యాప్ మామూలుగా ఎక్కువగా వాడే 1,000 తలుపులను మాత్రమే తడుతుంది. అన్నీ తట్టాలంటే అడ్డగీత, చిన్న పీ, మళ్లీ అడ్డగీత అని కలపాలి. అడ్డగీత, చిన్న ఎస్, పెద్ద వీ అని కలిపితే ఆ తలుపు వెనక నడుస్తున్న సాఫ్ట్‌వేర్ ఏదో, ఏ వెర్షనో కూడా చెబుతుంది. రెండో పాఠంలో మొత్తం ల్యాబు చూడవచ్చు. ల్యాబు చిరునామాలు 192.168.1తో మొదలవుతుంటే 192.168.1.0/24 అని రాస్తే 256 చిరునామాలను వరుసగా చూసి వస్తుంది.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. తలుపు తెరిచి ఉండటమే తప్పు కాదు. వెబ్‌సైట్ నడపాలంటే 443 తెరవాల్సిందే. అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఈ తలుపు ఎవరు తెరిచారు? ఇప్పటికీ అవసరమా? దీనికి తాళం ఉందా? ఉన్న తాళం ఏ కాలం నాటిది? ఈ నాలుగు ప్రశ్నలు వేయడం రాకుండా ఉత్త కమాండు నేర్చుకున్నవాడికి ఏమీ రానట్టే.

తలుపు తెరిచి మరిచిపోతే

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు అంటారు పెద్దలు. ప్రపంచంలో జరిగిన పెద్ద పెద్ద కంప్యూటర్ నష్టాలు చాలావరకు అలాంటివే. 2017 మే 12న వాన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ బయలుదేరింది. ఫైళ్లన్నింటికీ తాళం వేసి, డబ్బు కడితేనే తీస్తామనే దోపిడీ అది. కొద్ది రోజుల్లోనే సుమారు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు పాకింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాల్సి వచ్చింది. మన పక్కనే ఆంధ్రప్రదేశ్‌లో పలు పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు పోయింది 445వ నంబరు తలుపు గుండానే. ఆ లోపాన్ని సరిచేసే మందును మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే విడుదల చేసింది. అంటే దాదాపు రెండు నెలల సమయం ఉంది. ఆ సమయంలో ఎవరైనా ఒక సాయంత్రం కూర్చుని తమ ఆఫీసులో 445 ఎక్కడెక్కడ తెరిచి ఉందో చూసి ఉంటే, ఎన్ని కంప్యూటర్లకు ఆ మందు వేయాలో వెంటనే తెలిసేది.

అదే ఏడాది జనవరిలో మాంగోడీబీ అనే డేటాబేస్ వాడే సంస్థలకు దెబ్బ తగిలింది. దాని తలుపు 27017. ఆ తలుపును ఇంటర్నెట్ వైపు తెరిచి, పాస్‌వర్డ్ కూడా పెట్టకుండా వదిలేసినవి వేల సంఖ్యలో ఉన్నాయి. దుండగులు వాటిని వెతికి, లోపలి సమాచారం తుడిచేసి, డబ్బు కడితే ఇస్తామని చీటీ వదిలి వెళ్లారు. తాళం పగలగొట్టింది లేదు, గోడ దూకింది లేదు. తెరిచి ఉన్న తలుపులోంచి నడిచి వెళ్లారు.

ఇదంతా ఎక్కడో దూరాన జరిగే సంగతి అనుకోవద్దు. 2019లో ఏప్రిల్ ముగిసి మే మొదలయ్యే రోజుల్లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు ర్యాన్సమ్‌వేర్ దాడితో ఆగిపోయాయి. వాటిలో ఒకటైన ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్నది మన హనుమకొండలోనే. మన కాశిబుగ్గ పక్కనే ఎనుమాముల మార్కెట్ ఉంది. మన తమ్ముళ్లు, చెల్లెళ్లలో చాలామంది అమ్మానాన్నలు అక్కడ హమాలీలుగానో, దడువాయిల కాంటాల దగ్గర కూలీలుగానో పనిచేసినవాళ్లే. 2016 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి నాడు, దేశంలో ఇ-నామ్ మొదలైన తర్వాత మార్కెట్ యార్డుల్లో ధర పలకడం కూడా కంప్యూటర్ తెర మీదికి వచ్చింది. బస్తా మోసేవాడి కూలీ, మిర్చి తెచ్చిన రైతు డబ్బు కూడా ఇప్పుడు ఏదో ఒక కంప్యూటర్ తలుపు వెనకే ఉన్నాయి.

మన గుట్టు ఎవరి చేతిలో?

హాస్టల్లో చేరిన పిల్లవాడి గురించి సర్కారు దగ్గర ఎంత సమాచారం ఉంటుందో ఒక్కసారి లెక్కపెట్టండి. పేరు, తండ్రి పేరు, కులం, కుటుంబ ఆదాయం, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఫోటో, చదువు మార్కులు. స్కాలర్‌షిప్ కోసం ఈపాస్‌లో నింపినవి కొన్ని, హాజరు కోసం ఇచ్చినవి కొన్ని. డబ్బున్న ఇంటి పిల్లవాడు ఇంత సమాచారం ఎవరికీ ఇవ్వనక్కర్లేదు. మనం ఇస్తేనే అన్నం, ఇస్తేనే ఫీజు. కాబట్టి ప్రభుత్వ కంప్యూటర్‌లో తలుపు తెరిచి మరిచిపోతే ముందుగా బయటపడే గుట్టు పేదవాడిదే.

ఇది ఊహ కాదు. 2017 మేలో బెంగళూరుకు చెందిన సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ తరఫున అంబర్ సిన్హా, హైదరాబాద్‌కు చెందిన శ్రీనివాస్ కొడాలి ఒక నివేదిక రాశారు. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు ఎవరైనా చూడగలిగేలా ఉన్నాయని అందులో చూపించారు. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి. ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, ఇంకొకటి చంద్రన్న బీమా పథకానిది. మళ్లీ 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్షమందికి పైగా లబ్ధిదారుల ఆధార్ వివరాలు, కులం, మతంతో సహా బహిరంగంగా కనిపిస్తున్నాయని శ్రీనివాస్ కొడాలి బయటపెట్టాడు. ఏ ఇంట్లో ఏ కులంవాళ్లున్నారో అపరిచితుడు వేలితో నొక్కి తెలుసుకునే స్థితి అది. ఇవి పోర్టుల లోపాలు కావు, వెబ్ పేజీలనే కాపలా లేకుండా వదిలేయడం. అయినా పాఠం ఒకటే. బయటి నుంచి మన ఇల్లు ఎలా కనిపిస్తుందో మనం చూసుకోకపోతే, ముందు ఇంకెవరో చూస్తారు.

ఇంకొక సంగతి మా చెల్లెళ్ల కోసం చెప్పాలి. ఇప్పుడు హాస్టళ్లలో, కాలేజీల్లో భద్రత పేరుతో సీసీ కెమెరాలు పెడుతున్నారు. కెమెరా కూడా ఒక చిన్న కంప్యూటరే. దానికీ తలుపులుంటాయి. 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షల కెమెరాలు, రౌటర్లలోకి 23వ నంబరు టెల్‌నెట్ తలుపు గుండా చొరబడింది. దాని దగ్గరున్నది ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డుల చిన్న జాబితా మాత్రమే. సుమారు అరవై జతలు. కొన్నాక పాస్‌వర్డు మార్చనివాళ్లందరూ దొరికిపోయారు. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల దృశ్యాలు బయటికొచ్చి అమ్మకానికి పెట్టడం దేశమంతా చూసింది. బాలికల హాస్టల్ వరండాలో కెమెరా పెట్టేముందు, దాని తలుపు ఇంటర్నెట్ వైపు తెరిచి ఉందా, పాస్‌వర్డు మార్చారా అని అడిగే హక్కు అక్కడుండే ఆడపిల్లలకు ఉంది. ఆ ప్రశ్న సరిగ్గా అడగాలంటే, జవాబు నిజమో కాదో చూసుకోవాలంటే ఈ విద్య కావాలి.

కాగితం లేకుండా తట్టొద్దు

ఇప్పుడు రెండో మాట. నేర్చుకున్న ఉత్సాహంలో ఊరందరి తలుపులూ తట్టాలనిపిస్తుంది. "నేను లోపలికి పోలేదు కదా, తట్టి చూశానంతే" అనిపిస్తుంది. చట్టం ముందు ఆ మాట అంత తేలిగ్గా నిలబడదు.

సమాచార సాంకేతిక చట్టం 2000లో వచ్చింది. 2008లో సవరించారు. యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి ప్రవేశించడం, సమాచారం తీసుకోవడం, సేవకు అంతరాయం కలిగించడం వంటివి 43వ సెక్షన్ కింద తప్పు. అదే పని మోసపు బుద్ధితో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా. ప్రభుత్వం రక్షిత వ్యవస్థగా ప్రకటించిన కంప్యూటర్ల విషయంలో 70వ సెక్షన్ ఇంకా కఠినం. అక్కడ అక్రమంగా ప్రవేశించే ప్రయత్నానికి కూడా పదేళ్ల దాకా శిక్ష ఉంది. దేశంలో కంప్యూటర్ దాడుల సంగతి చూసే సెర్ట్-ఇన్ అనే కేంద్ర సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో, ఫలానా సంఘటనలు జరిగితే ఆరు గంటల్లో తమకు తెలపాలని ఒక జాబితా ఇచ్చింది. ముఖ్యమైన నెట్‌వర్క్‌లను గురిపెట్టి స్కాన్ చేయడం ఆ జాబితాలో ఉంది. అంటే మనకు ఆటగా కనిపించేది అవతలివాడికి ఫిర్యాదు చేయాల్సిన సంఘటన. హాస్టల్ ఇంటర్నెట్ కనెక్షన్ మన పేరు మీద ఉండదు. విచారణకు వచ్చేవాళ్లు ముందుగా పిలిచేది వార్డెన్ సార్‌ను.

అమెరికాలో జార్జియా రాష్ట్రంలో ఒకతను అత్యవసర సేవల కంప్యూటర్ల పని కాంట్రాక్టు మీద చేస్తూ, దానికి కలిసి ఉన్న నెట్‌వర్క్‌ను స్కాన్ చేశాడు. అరెస్టయ్యాడు. ఆ స్కాన్ వల్ల నష్టమేమీ జరగలేదని 2000 నవంబరులో ఫెడరల్ కోర్టు తేల్చింది. క్రిమినల్ కేసు కూడా నిలబడలేదు. కానీ దానికి ముందు అతనికి అరెస్టు తప్పలేదు, లాయర్ల ఖర్చు తప్పలేదు. ఇదే మన విషయంలో ఆలోచించండి. కోర్టులో చివరికి గెలిచినా, వాయిదాలకు తిరగడానికి మన నాయనల దగ్గర డబ్బుందా? సర్కారు ఉద్యోగం వచ్చినప్పుడు నింపే అటెస్టేషన్ ఫారంలో "మీ మీద కేసులున్నాయా?" అనే గడి ఉంటుంది. పెద్దింటి పిల్లవాడు చేస్తే చిలిపి పని అంటారు. మనవాడు చేస్తే "ముందే తెలుసు" అంటారు. ఈ తేడా న్యాయం కాదు. కానీ తేడా ఉన్నంతకాలం చేతిలో కాగితం లేకుండా మనం అడుగు వేయకూడదు. అనుమతి పత్రం మనకు మర్యాద కోసం కాదు, రక్షణ కోసం.

తెలివి ఉండీ దారి తప్పినవాళ్లు ఏమయ్యారో కూడా చూస్తున్నాం. మిరాయ్‌ను తయారు చేసినవాళ్లు ముగ్గురూ ఇరవై ఏళ్ల ప్రాయంలో ఉన్న అమెరికా యువకులు. 2017 డిసెంబరులో కోర్టులో నేరం ఒప్పుకున్నారు. మన రాష్ట్రంలో 2024 జూన్‌లో తెలంగాణ పోలీసుల యాప్‌లలోని సమాచారం దొంగిలించి అమ్మకానికి పెట్టాడనే ఆరోపణ మీద పట్టుబడిన వ్యక్తి వయసు ఇరవై ఏళ్లు, అతనూ విద్యార్థే. వీళ్లకు తెలివి లేక కాదు. ఆ తెలివిని ఎక్కడ వాడాలో చెప్పే గురువు, వాడుకోవడానికి ఒక సొంత చోటు ముందే దొరికి ఉంటే వాళ్ల దారి వేరుగా ఉండేదేమో. అందుకే నేర్పకుండా దాచిపెట్టడం పరిష్కారం కాదంటున్నాం.

అభ్యంతరాలకు మా జవాబు

"హాస్టళ్లలో నీళ్లకు, అన్నానికే ఇబ్బంది. పోర్టుల గోల ఎందుకు?" అని అడగవచ్చు. అన్నం ముందే. అందులో వాదన లేదు. 2024 చివర్లో డైట్ చార్జీలు 40 శాతం పెరిగాయంటే దాని వెనక ఏళ్ల తరబడి చేసిన ధర్నాలున్నాయి. కానీ అన్నం కోసం కొట్లాడేవాళ్లు చదువును పక్కన పెట్టాలని బాబాసాహెబ్ ఎన్నడూ చెప్పలేదు. పైగా ఈ చదువుకు అదనంగా పైసా ఖర్చు లేదు. సాధనం ఉచితం, కంప్యూటర్లు ఉన్నవే.

"పిల్లల చేతికి కత్తి ఇస్తారా?" అనేది రెండో అభ్యంతరం. వంటగదిలో కత్తిపీట ఉంది, దాంతో రోజూ కూరగాయలు తరుగుతున్నారు. ఎవరి ముందు, ఎక్కడ, ఎందుకు అనేది తేలిస్తే కత్తి పనిముట్టే. ఆ మాటకొస్తే ఈ విద్య పిల్లల చేతికి ఇప్పటికే చేరింది. సెల్‌ఫోన్‌లో వీడియోలు చూసి రాత్రిపూట ఒంటరిగా నేర్చుకుంటున్నారు. ఆ వీడియోల్లో కమాండు చెబుతారు, సెక్షన్లు చెప్పరు. కాజీపేటలోని ఎన్‌ఐటీ 1959లో రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైంది. అలాంటి చోట చదివేవాళ్లకు ల్యాబు ఉంటుంది, పక్కన ప్రొఫెసర్ ఉంటాడు. అదే ఊళ్లో మన తమ్ముడికి దుప్పటి కింద సెల్‌ఫోన్ మాత్రమే ఉంటే, తప్పు ఆ పిల్లవాడిదా, ల్యాబుకు తాళం వేసినవాళ్లదా?

మూడోది ఇంగ్లీషు భయం. స్కాన్ ఫలితం చదవడానికి కావాల్సినవి హోస్ట్, పోర్ట్, స్టేట్, సర్వీస్, ఓపెన్, క్లోజ్డ్, ఫిల్టర్డ్ అనే ఏడు మాటలు. తెలుగు మీడియం పిల్లవాడు ఒక్క పూటలో నేర్చుకుంటాడు. నల్ల తెరకు మన యాసతో పనిలేదు. అక్షరం సరిగ్గా కొట్టావా లేదా అనేదే చూస్తుంది.

ఏం చేయాలి?

ఊరికే అభిప్రాయం చెప్పి వదిలేయడం మాకు ఇష్టం లేదు. మూడు పనులు సూచిస్తున్నాం.

మొదటిది, ల్యాబు. చాలాచోట్ల హాస్టళ్లకు వచ్చిన కంప్యూటర్లు పాడవుతాయనే భయంతో గదిలోనే ఉండిపోతున్నాయి. సాయంత్రం స్టడీ అవర్ తర్వాత వారానికి రెండు రోజులు, రోజుకు గంట చొప్పున తెరవాలి. ఇంటర్నెట్ లేకున్నా ఫరవాలేదు. నాలుగు కంప్యూటర్లను ఒక స్విచ్‌కు కలిపితే అదే మన ఊరు. అందులో ఒక కంప్యూటర్‌లో కావాలనే కొన్ని తలుపులు తెరిచి పెట్టి, మిగతావాళ్లు కనిపెట్టాలి. ఇంటర్నెట్ ఉంటే స్కాన్‌మీ డాట్ ఎన్‌మ్యాప్ డాట్ ఆర్గ్ అనే చిరునామాను ఎన్‌మ్యాప్ తయారీదారులే నేర్చుకునేవాళ్ల కోసం పెట్టారు. రోజుకు ఒకటి రెండు సార్లు తట్టి చూడటానికి వాళ్ల అనుమతి ఉంది. వందసార్లు తట్టడానికి, పాస్‌వర్డులు ఊహించడానికి లేదు.

రెండోది, అనుమతి పత్రం. ఒక పేజీ చాలు. ఎవరు స్కాన్ చేస్తారు, ఏ చిరునామాలు, ఏ తేదీన, ఏ గంట నుంచి ఏ గంట దాకా, ఏ కమాండుతో, ఫలితం ఎవరికి ఇవ్వాలి. కింద విద్యార్థి సంతకం, వార్డెన్ సంతకం. ఆ పత్రం లేకుండా ల్యాబులో కూడా ఎవరూ కమాండు కొట్టకూడదు. మన సొంత తలుపు తట్టేటప్పుడే కాగితం అలవాటైతే, రేపు ఉద్యోగంలో కంపెనీ తలుపు తట్టేటప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ రంగంలో జీతం తీసుకుని ఇదే పని చేసేవాళ్లు కూడా ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకునే మొదలుపెడతారు.

మూడోది, రిజిస్టరు. స్టాకు రిజిస్టరు, హాజరు రిజిస్టరు ఉన్నట్టే తలుపుల రిజిస్టరు ఒకటి పెట్టాలి. మూడు నెలలకొకసారి హాస్టల్ కంప్యూటర్లు, రౌటరు, కెమెరాలు ఉంటే కెమెరాలు, అన్నింటినీ అనుమతితో చూసి, ఏ తలుపు తెరిచి ఉందో, ఎందుకుందో, ఎప్పుడు మూశారో రాయాలి. దాన్ని నోటీసు బోర్డు మీద అంటించవద్దు. అది ఊరందరికీ తాళంచెవి ఇవ్వడమే. వార్డెన్ దగ్గర భద్రంగా ఉంచాలి. బయట ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఏదైనా లోపం అనుకోకుండా కంటపడితే, లోపలికి పోయి వెతకొద్దు, స్నేహితుల గ్రూపులో పెట్టొద్దు. చూసింది చూసినట్టు రాసి, పెద్దల ద్వారా ఆ శాఖకూ సెర్ట్-ఇన్‌కూ పంపాలి. ఇందులోనూ జాగ్రత్త కావాలి. 2017లో ఆధార్ నంబర్ల సంగతి బయటపెట్టిన సంస్థనే ఆధార్ అధికారులు వివరాలివ్వమంటూ లేఖతో నిలదీశారు. సరైన పని చేసినవాడు కూడా తన దగ్గర రుజువులు, తేదీలు, కాగితాలు పెట్టుకోవాలని దాని అర్థం.

అన్నలూ అక్కలూ, మీతో ఒక విన్నపం. ఈ హాస్టల్లో చదివి ఇవాళ హైదరాబాద్‌లో, బెంగళూరులో, ఇతర దేశాల్లో కంప్యూటర్ ఉద్యోగాలు చేస్తున్నవాళ్లున్నారు. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు నోటుపుస్తకాలు, దుప్పట్లు ఇస్తున్నారు, సంతోషం. ఈసారి నెలకు ఒక ఆదివారం రెండు గంటలు ఇవ్వండి. ల్యాబులో కూర్చుని, స్కాన్ ఫలితం పక్కన పెట్టుకుని, ఏ తలుపు ఎందుకు మూయాలో తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పండి. మీ వెంట ఒక పాత రౌటరు తెస్తే ఇంకా మంచిది. వార్డెన్ సార్లకు మా విన్నపం, మీరు అడ్డు చెప్పడానికి కాదు, సంతకం పెట్టడానికి ముందుకు రండి. మీ సంతకం ఉన్నచోట పిల్లవాడు దాక్కోవాల్సిన అవసరం ఉండదు, దాక్కోనివాడు దారి తప్పడు.

తరతరాలుగా మనల్ని వాకిట్లోనే నిలబెట్టారు. ఏ తలుపు దాటొచ్చో, ఏది దాటకూడదో ఇంకొకరే నిర్ణయించారు. ఇవాళ కొత్తగా కట్టుకుంటున్న ఈ కంప్యూటర్ లోకంలో మన పేర్లు, మన కులం, మన ఖాతాలు లోపల ఉన్నాయి. వాటికి కాపలా కాసే పనిలో మాత్రం మనం లేకపోతే ఎలా? వచ్చే వార్షికోత్సవం నాటికి తలుపుల రిజిస్టరులో కనీసం నాలుగు స్కాన్లు, నాలుగు అనుమతి పత్రాలు ఉండాలని కోరుకుంటున్నాం. మొదటి పత్రం రాయడానికి మేం సిద్ధంగా ఉన్నాం.

జై భీమ్.